ఇంటి షెడ్డులో సీఎన్‌సీ రౌటర్ కిట్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

విజయవాడలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఈ సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటరు చెప్పిన గీత వెంట తిరిగే బిట్టుతో కర్ర కోసే యంత్రం, కొన్నేళ్లుగా దాదాపు ప్రతి వారమూ నడుస్తోంది. ఇంటి పేరు పలకలు, పూజామందిరాలకు జాలీలు, తలుపు చెక్కల మీద లతలు, తెలిసినవారికి ఎక్రిలిక్ ముక్కలు, అప్పుడప్పుడూ అల్యూమినియం ప్లేట్లు దీని మీద కోస్తూ వచ్చాను. కిట్‌గా తెప్పించి, మొదటి బోల్టు నుంచి స్వయంగా బిగించుకున్న యంత్రం ఇది. కొత్తలో రాసే సమీక్షలు ఎక్కువగా మోటార్ల బలం, బోర్డు వేగం, సాఫ్ట్‌వేర్ సౌకర్యం చుట్టూ తిరుగుతాయి. ఇంతకాలం వాడాక నాకు తేలింది వేరు. ఇలాంటి కిట్ మంచిచెడ్డలను తేల్చేవి దాని బిగువు, దాని మూలమట్టం (మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండడం). ఎలక్ట్రానిక్స్ చవకవైనా పని జరిగిపోతుంది. చట్రం వదులుగా ఉంటే మాత్రం ఎంత ఖరీదైన బోర్డు పెట్టినా కోత బాగుపడదు.

ముందుగా యంత్రం వివరాలు. మార్క్ కేర్యూ రూపొందించి అందరికీ అందుబాటులో ఉంచిన ఓఎక్స్ నమూనా, దాని నుంచి పుట్టిన వర్క్‌బీ నమూనా ఉన్న కుటుంబానికి చెందిన కిట్ ఇది. మన దేశంలోనే సామాను కూర్చి అమ్మే ఒక దుకాణం నుంచి తెప్పించాను. చట్రం అడ్డం, నిలువు మీటరు చొప్పున ఉంటుంది. బిట్టు నిజంగా చేరుకోగలిగేది సుమారు 750 మిల్లీమీటర్ల చదరం. వీ ఆకారపు గాడులున్న అల్యూమినియం కమ్మీలు, ఆ గాడుల్లో పరుగెత్తే డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) చక్రాలు, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న టీ8 లీడ్ స్క్రూలు (తిరుగుతూ యంత్ర భాగాలను జరిపే పొడవాటి మర కమ్మీలు), నాలుగు నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేవి), వాటికి విడివిడి డ్రైవర్లు, జీఆర్‌బీఎల్ (మోటార్లకు ఆదేశాలిచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్) నడిచే చిన్న బోర్డు, 36 వోల్టుల పవర్ సప్లై కిట్‌లో వస్తాయి. నాలుగు మోటార్లలో రెండు కలిసి గాంట్రీని, అంటే బిట్టును మోసే అడ్డ దూలాన్ని, ముందుకూ వెనక్కూ నడుపుతాయి. ఒకటి బిట్టును అడ్డంగా జరిపే ఎక్స్ దిశకు, మరొకటి బిట్టును ఎత్తి దించే జడ్ దిశకు. స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు), బిట్లు, కింద పరిచే పలక, దుమ్ము లాగే ఏర్పాటు, లిమిట్ స్విచ్చులు (కొసకు చేరితే యంత్రాన్ని ఆపేవి), కేబుళ్లను మోసే గొలుసు మనమే సమకూర్చుకోవాలి. వీటన్నిటికీ కలిపి కిట్ ధరలో సగానికి పైగా మళ్లీ ఖర్చయింది. కొనేవారు ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది, ఎందుకంటే ప్రకటనలో కనిపించే ధరకు యంత్రం కదులుతుంది గానీ కర్ర తెగదు.

కిట్‌తో వచ్చిన సూచనల పత్రంలో ఏ బోల్టు ఎక్కడికన్నది బొమ్మల్లో బాగానే చూపించారు. ఏది ఎంత బిగించాలో, బిగించాక దేన్ని కొలిచి చూసుకోవాలో అందులో లేదు. ఈ కిట్లలో అసలు నేర్పు అంతా అక్కడే ఉంది. కమ్మీల మీద జరిగే ప్రతి క్యారేజీ ప్లేటుకు ఒక వరుస చక్రాలు స్థిరంగా ఉంటాయి, ఎదుటి వరుస చక్రాలు ఎక్సెంట్రిక్ నట్ల (రంధ్రం నడుమ కాక పక్కకు ఉన్నవి) మీద కూర్చుంటాయి. స్పానరుతో ఆ నట్టును కొద్దిగా తిప్పితే చక్రం గాడికి దగ్గరవుతుంది. చక్రాన్ని వేలితో తిప్పి చూసినప్పుడు కాస్త మొరాయిస్తూనే గాడిలో జారుతూ తిరగాలి. తేలిగ్గా గిర్రున తిరిగిందంటే అది బరువు మోయడం లేదు. అసలు జారకపోతే ఎక్కువ బిగిసింది, కొన్ని వారాల్లో డెల్రిన్ అణిగి చక్రం మీద చదును పడుతుంది. రాత్రి బాగున్న బిగింపు మర్నాటికి వదులు కావడం కొత్త యంత్రంలో మామూలే. మొదటి నెలల్లో ప్రతి పెద్ద పనికి ముందూ, ఆ తర్వాత నెలకోసారీ ఈ చక్రాలను వేలితో తిప్పి చూడడం అలవాటు చేసుకోవాలి.

ఇక మూలమట్టం. గాంట్రీకి రెండు వైపులా రెండు స్క్రూలు, రెండు మోటార్లు ఉన్నాయి గనుక కరెంటు తీసేసినప్పుడు ఒక కొస ముందుకూ మరో కొస వెనక్కూ జరిగే వీలుంది. ఎడమ కొస కుడి కొస కన్నా ఒక్క మిల్లీమీటరు ముందుకు ఉన్నా, 600 మిల్లీమీటర్ల చదరం కోసినప్పుడు దాని రెండు కర్ణాల మధ్య తేడా మిల్లీమీటరుకు దగ్గరగా వస్తుంది. చదరపు పెట్టె పక్కలు అతికించేటప్పుడు ఆ తేడా నేరుగా కంటికి కనిపిస్తుంది. నేను చట్రం ముందు భాగంలో రెండు వైపులా అల్యూమినియం దిమ్మెలు బిగించి, స్విచ్చు వేసే ముందు గాంట్రీని వాటికి ఆనేలా నెడతాను. ఆ దిమ్మెలను సరిచూసే పద్ధతి సులువు. ఎండీఎఫ్ (కర్ర పిండిని జిగురుతో అదిమిన పలక) మీద 600 మిల్లీమీటర్ల చదరానికి నాలుగు మూలలా సన్నని రంధ్రాలు వేయించి, రెండు కర్ణాలూ ఉక్కు టేపుతో కొలవాలి. రెండూ 848.5 మిల్లీమీటర్ల దగ్గర సమానంగా వస్తే మూలమట్టం కుదిరినట్టే. తేడా వస్తే ఒక దిమ్మె వెనుక పల్చటి రేకు పెట్టి మళ్లీ రంధ్రాలు వేయించాలి. వడ్రంగి చేతి మూలమట్టంతో గాంట్రీని చూసుకోవడం మొదటి అంచనాకు సరిపోతుంది, కానీ మీటరు పొడవున్న చట్రానికి ఆ చిన్న పరికరం చాలదు.

కొలత విషయంలో మరో మాట. ఈ స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది; మోటారు చుట్టుకు 200 అడుగులు, డ్రైవరులో ఒక్కో అడుగునూ ఎనిమిది భాగాలు చేస్తే మిల్లీమీటరుకు 200 అడుగులు లెక్కకు వస్తాయి. లెక్క ప్రకారం ఇది 5 మైక్రాన్ల సూక్ష్మత. అమ్మకందారులు ఈ సంఖ్యను పెద్ద అక్షరాలతో వేస్తారు. నా షెడ్డులో, నిజమైన బిట్టుతో, నిజమైన కర్రలో నమ్మదగిన కొలత మిల్లీమీటరులో పదో వంతు. వెర్నియర్ క్యాలిపర్స్‌తో కొలిచి అంతకన్నా మెరుగు వచ్చిన రోజులు ఉన్నాయి, దాన్ని మాత్రం నేను ఎవరికీ హామీ ఇవ్వను. చవక స్క్రూల పిచ్‌లో స్వల్ప తేడా కూడా ఉంటుంది. 500 మిల్లీమీటర్లు కదలమంటే ఉక్కు స్కేలు మీద 499.4 చూపించింది, అందుకని అడుగుల సంఖ్యను 200.24కు మార్చుకున్నాను. ఈ సవరణ పొడవైన కొలత మీదే చేయాలి. 50 మిల్లీమీటర్ల ముక్క కొలిచి సంఖ్య మార్చితే బిట్టు వంపునూ నట్టు వదులునూ స్క్రూ ఖాతాలో వేసినట్టవుతుంది.

మీటరు పొడవున్న 8 మిల్లీమీటర్ల స్క్రూకు ఇంకో పరిమితి ఉంది. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగంలో అది 375 చుట్లు తిరుగుతుంది, ఇబ్బంది ఉండదు. 4000 దాటేసరికి 500 చుట్లు పైబడి, నడుమ భాగం తాడులా ఊగడం మొదలవుతుంది; ఆ ఊపు గాంట్రీకి ఎక్కి, కోసిన అంచు మీద అలలుగా కనిపిస్తుంది. స్క్రూను రెండు కొసలా లాగి పట్టేలా లాక్ కాలర్లు బిగిస్తే కొంత మెరుగు. బోర్డు సెట్టింగులలో గరిష్ఠ వేగాన్ని 3000 దగ్గరే ఆపేశాను. పనికి పట్టే సమయం పెద్దగా పెరగలేదు, ఎందుకంటే ఈ చట్రం మీద కోత వేగం ఎలాగూ 2000 చుట్టుపక్కలే ఉంటుంది.

ఇదే స్క్రూ జడ్ దిశలో మరో సంగతి బయటపెడుతుంది. చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిగే మర వాలు ఎక్కువ కాబట్టి, పైన బరువుంటే అది తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. మొదట్లో స్పిండిల్ స్థానంలో తేలికపాటి ట్రిమ్ రౌటర్ (వడ్రంగులు చేత్తో పట్టుకుని వాడేది) ఉన్నంతకాలం ఇది తెలియలేదు. బరువైన స్పిండిల్ ఎక్కించాక కరెంటు పోయినప్పుడల్లా మోటారు పట్టు వదిలి, స్పిండిల్ మెల్లగా కిందికి జారి, ఇంకా తిరుగుతున్న బిట్టు పలకలో దిగబడేది. ఎండాకాలంలో కరెంటు ఎలా పోతుందో చెప్పనక్కరలేదు. సగం చెక్కిన టేకు పలక మధ్యలో అలాంటి గుంట పడితే ఆ పలక ఇక వంటగదిలో కూరగాయలు తరగడానికే. జడ్ స్క్రూను మాత్రం చుట్టుకు 2 మిల్లీమీటర్లు జరిగే రకానికి మార్చి, అడుగుల సంఖ్యను 800 చేశాను. అది బరువు కింద వెనక్కి తిరగదు. కిట్ అమ్మేవారు మొదటే ఈ స్క్రూ పెట్టి ఉండవలసింది. ధరలో తేడా నామమాత్రం, పొడవు తక్కువ కాబట్టి వేగం సమస్య కూడా లేదు.

చక్రాల మన్నిక గురించి చాలామంది అడుగుతారు. డెల్రిన్ అరగదని కాదు, కానీ అరుగుదల కన్నా ముందు వచ్చే చిక్కు పిండి. ఎండీఎఫ్ కోసినప్పుడు వచ్చే మెత్తని పిండి గాడిలో చేరి, చక్రం దాని మీద నుంచి పోతూ పోతూ అట్టలు కట్టిస్తుంది. ఆ అట్ట గాడిలో ఒకచోట గట్టిగా, ఒకచోట పల్చగా ఉంటుంది కాబట్టి గాంట్రీ సాఫీగా పోతున్నట్టే కనిపిస్తూ, నున్నగా ఉండవలసిన గుండ్రని అంచు మీద ఒక్కోచోట చిన్న మెట్టు తెచ్చిపెడుతుంది. మొదట్లో మోటారు అడుగులు తప్పుతోందనిపిస్తుంది. గాడిలో గోరు పెట్టి గీరితే బిస్కెట్టు రంగు పొర ఊడివస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో గాడి అంతా తోమి, పొడిగుడ్డతో తుడవడం ప్రతి ఎండీఎఫ్ పని తర్వాతా తప్పదు. నూనె మాత్రం గాడులకు పూయకూడదు, పిండిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చక్రాల లోపల ఉండే 625 బేరింగులు నాకు చక్రాల కన్నా ముందే గరగరలాడాయి; అవి సైకిలు, మోటారు విడిభాగాల దుకాణాల్లో సైతం దొరికే చవక సరుకు.

ఎలక్ట్రానిక్స్ విషయానికి వస్తే, సిమెన్ స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ ఇప్పటికీ ఒక చిన్న ఆర్డుయినో చిప్పు మీద ఇంత పనీ చేయడం ముచ్చటగానే ఉంటుంది. అది తన వంతుగా ఎన్నడూ ఆగలేదు. ఆగినప్పుడల్లా కారణం విద్యుత్ అలజడి. ట్రిమ్ రౌటర్ బదులు 800 వాట్ల నీటి చల్లదనం ఉన్న స్పిండిల్, దానికి వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే విద్యుత్ పరికరం) పెట్టిన రోజు నుంచీ, గాంట్రీ నడుమన ఉండగానే లిమిట్ స్విచ్చు తగిలినట్టు అలారం 1 చూపించి యంత్రం నిలిచిపోయేది. వీఎఫ్‌డీ నుంచి స్పిండిల్‌కు వెళ్లే తీగ రేడియో స్టేషనుకు తీసిపోదు, పక్కనే సాగే స్విచ్చు తీగలు ఆ మోతను సంకేతంగా పట్టుకుంటాయి. దీనికి ఒక్క మందు లేదు, అన్నీ కలిసి పనిచేశాయి: స్పిండిల్‌కు షీల్డు ఉన్న నాలుగు కోర్ల కేబులు వేసి, షీల్డును వీఎఫ్‌డీ వైపు ఎర్త్ చేయడం, స్విచ్చు తీగలను వేరే గొలుసులో నడపడం, స్విచ్చులను మామూలుగా మూసి ఉండే పద్ధతిలో కలపడం, బోర్డు దగ్గర ప్రతి స్విచ్చు పిన్నుకూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం. అన్నిటికన్నా ముందు చట్రానికి ఎర్తింగ్ చూసుకోవాలి. అల్యూమినియం కమ్మీల మీద ఉండే అనోడైజింగ్ పూత విద్యుత్తును పారనివ్వదు. బోల్టుతో బిగించినంత మాత్రాన కమ్మీలన్నీ ఎర్తుకు కలిశాయని అనుకోవడానికి లేదు. బోల్టు చోట పూతను గీకి, పళ్ల వాషరు వేసి, మల్టీమీటరుతో కమ్మీ నుంచి కమ్మీకి చూసుకోవాలి. ఇది కోత నాణ్యతకే కాదు, ప్రాణానికీ సంబంధించిన పని.

కిట్‌లో లేకపోయినా హోమింగ్ స్విచ్చులు (యంత్రం తన మొదటి మూలను గుర్తుపట్టడానికి) పెట్టుకోమని గట్టిగా చెబుతాను. ఇది తెరిచిన వలయం మీద నడిచే యంత్రం, అంటే బిట్టు ఎక్కడుందో బోర్డుకు నిజంగా తెలియదు, తాను వేయమన్న అడుగుల లెక్క మాత్రమే తెలుసు. కరెంటు పోతే ఆ లెక్క పోతుంది. పని మొదలయ్యే చోటును బోర్డు తన మెమరీలో దాచుకుంటుంది గనుక, హోమింగ్ ఉంటే కరెంటు వచ్చాక మళ్లీ అదే మూలకు చేరి, ఆగిన వరుస కన్నా కొంత వెనక నుంచి పనిని కొనసాగించవచ్చు. నా దగ్గర చెక్కడం మధ్యలో ఆగి, మళ్లీ అందుకున్న పలకల్లో అతుకు ఎక్కడో చూపుడు వేలికి తగలదు. ల్యాప్‌టాప్‌ను యూపీఎస్ మీద పెట్టి యంత్రాన్ని గోడ ప్లగ్గుకు వదిలేయడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు.

నీటి స్పిండిల్ మీద పెట్టిన డబ్బు దండగ కాలేదు, అయితే దానికి కారణం బలం కాదు, చప్పుడు. ట్రిమ్ రౌటర్ కర్ర తాకకముందే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, ఇళ్ల మధ్య మధ్యాహ్నం పూట అది సాధ్యమయ్యే పని కాదు. కొత్త స్పిండిల్ నిమిషానికి 24,000 చుట్ల దగ్గర కూడా పంపు గుడగుడ కన్నా ఎక్కువ వినిపించదు. వినిపించేది బిట్టు కర్రను కొరికే చప్పుడే. ఆ చప్పుడు స్పష్టంగా వినబడటం వల్ల బిట్టు మొద్దుబారుతున్న సంగతి ముందే తెలుస్తోంది, ఇది నేను ఊహించని లాభం. రౌటరుకు ఉన్న కార్బన్ బ్రష్షులు మార్చే పని కూడా తప్పింది. మే నెలలో స్పిండిల్‌ను చల్లబరిచే బకెట్టు నీళ్లు వేడెక్కుతాయి కాబట్టి పెద్ద బకెట్టు పెట్టుకోవాలి.

కోత దగ్గరికి వస్తే, కొత్తవారికి అర్థం కావలసిన సూత్రం ఒక్కటే: బిట్టు పన్ను ప్రతి చుట్టుకూ ఎంత మందం కొరుకుతోంది. నిమిషానికి 16,000 చుట్లు, రెండు పళ్లు, పన్నుకు 0.06 మిల్లీమీటరు అనుకుంటే వేగం 1920 మిల్లీమీటర్లు. నా యంత్రం మీద 6 మిల్లీమీటర్ల బిట్టుతో టేకులో ఒక్కో విడతకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతున ఈ వేగం హాయిగా నడుస్తుంది. భయపడి వేగం తగ్గిస్తే పన్ను కొరకడం మాని రాపిడి మొదలుపెడుతుంది, కర్ర అంచు నల్లబడుతుంది, బిట్టు పదును పోతుంది. గాంట్రీ కింద పొట్టు రాలుతుంటే సరే, పిండి రాలుతుంటే ఏదో సరిగా లేదు. టేకులో సహజంగానే ఇసుక పదార్థమైన సిలికా ఉంటుంది కాబట్టి బిట్లు మిగతా కర్రల కన్నా త్వరగా మొద్దుబారతాయి. కార్బైడు బిట్లు తప్ప వేరేవి వాడే ప్రశ్నే లేదు. ప్లైవుడ్ పై పొర లేవకుండా ఉండాలంటే పొట్టును కిందికి నెట్టే డౌన్‌కట్ బిట్టు, లోతైన గాడుల్లో పొట్టు పేరుకోకుండా ఉండాలంటే పైకి లాగే అప్‌కట్ బిట్టు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర కూడా ఒకసారి పెట్టి చూశాను. చేతి ఉలికి అంత లొంగే కర్ర ఇక్కడ అంచంతా నారలు లేపింది; కొత్త డౌన్‌కట్ బిట్టుతో కొంత కుదుటపడింది గానీ, ఆ పని ఉలికే వదిలేయడం న్యాయం అనిపించింది.

అల్యూమినియం కోస్తుందా అన్న ప్రశ్నకు నిజాయతీగా చెప్పాలంటే, కోస్తుంది, కోయించకండి. ఒంటి పన్ను బిట్టుతో విడతకు 0.2 మిల్లీమీటరు లోతు చొప్పున, కిరోసిన్ చుక్కలు వేస్తూ, పక్కన నిలబడి మూడు మిల్లీమీటర్ల ప్లేట్లు తీశాను. స్పిండిల్ మూతిని చేత్తో గట్టిగా నెట్టి డయల్ గేజీతో చూస్తే పావు మిల్లీమీటరు వరకు జరుగుతుంది. ప్లాస్టిక్ చక్రాల మీద వేలాడే గాంట్రీకి అది సహజం. కర్రలో ఆ వంపును దాటడానికి మార్గం ఉంది: మొదట గీతకు 0.2 మిల్లీమీటరు ఎడంగా కోసి, చివరన ఆ పల్చటి చెక్కును ఒకే విడతలో పూర్తి లోతున తీసేస్తే అంచు నున్నగా, కొలతకు వస్తుంది. లోహంలో ఆ ఉపాయం కొంతవరకే. లోహం పనే ముఖ్యమైనవారు ఉక్కు పెట్టె గొట్టాల చట్రం, హెచ్‌జీఆర్ లీనియర్ పట్టాలు, బాల్ స్క్రూలు వాడే ప్రింట్‌ఎన్‌సీ వంటి నమూనాల వైపు చూడాలి.

తెలుగు పేరు పలకలు చెక్కేవారికి ఈ యంత్రం మీద ప్రత్యేకంగా ఎదురయ్యే పని కొంత ఉంది, దాని గురించి ఎక్కడా వివరంగా రాసినట్టు నాకు కనబడలేదు. చెక్కడానికి వాడే చాలా సాఫ్ట్‌వేర్లలో తెలుగు నేరుగా టైపు చేస్తే ఒత్తులూ గుణింతాలూ విడిపోయి వస్తాయి. అందుకని ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తీసుకోవడం తేలిక. అంతటితో కాదు. గుణింతపు గుర్తు, అక్షరపు ఒడలు ఫాంటులో రెండు వేర్వేరు ఆకారాలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిని యూనియన్ చేసి ఒకటి చేయకపోతే బిట్టు వాటి అతుకు గీత వెంట కూడా గాడి తీస్తుంది. ‘కి’ మధ్యలో అడ్డంగా గాటు పడి కనిపిస్తే కారణం ఇదే. డీటీపీ దుకాణాల నుంచి వచ్చే అను ఫాంట్ల డిజైన్లు గీతలుగా మార్చి ఇస్తే ఒత్తులు విడిపోయే బాధ లేదు, ఈ అతుకుల బాధ మాత్రం వాటికీ ఉంది.

అక్షరాలను చెక్కకుండా విడిగా కోసి పలకకు అంటించే పనిలో తలకట్టు తలనొప్పి తెస్తుంది. ‘ప’, ‘ష’, ‘స’ వంటి అక్షరాలలో తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా నిలుస్తుంది గనుక అది ఒక చిన్న టిక్కు ముక్కగా తెగి, చివరి విడతలో బిట్టుకు తగిలి గాలిలో ఎగిరిపోతుంది. ‘థ’ లోపలి చుక్కదీ అదే కథ. వీటికి వంతెనలు, అంటే కోయకుండా వదిలే సన్నని పట్లు, సాఫ్ట్‌వేర్ దానంతటదే పెట్టే చోట కాక మనం ఎంచిన చోట పెట్టాలి. ఎక్రిలిక్ అయితే అట్ట మీద అక్షరాల నీడను ముందే ముద్రించుకుని, దాని మీద తలకట్టును సరిచూసి అంటించడం మంచిది. కంటితో అంచనా వేసి అంటించిన తలకట్టు ఎప్పుడూ కాస్త వంకరే. ఫాంట్లలో సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా విడుదల చేసిన రామభద్ర వంటి లావు అక్షరాలు ఈ పనికి నిలుస్తాయి. సన్నని అక్షరాల ఒత్తులు 3 మిల్లీమీటర్ల బిట్టుకు అందవు.

వీ బిట్టుతో (కొన వీ ఆకారంలో ఉండేది) చెక్కేటప్పుడు లోతు లెక్క వేసుకోవాలి. 10 మిల్లీమీటర్ల వెడల్పు గీతకు 60 డిగ్రీల బిట్టు సుమారు 8.7 మిల్లీమీటర్లు దిగుతుంది, 90 డిగ్రీల బిట్టు 5 మిల్లీమీటర్లే దిగుతుంది. పల్చటి పలకకు రెండోదే శరణ్యం, కానీ దానికి పలక చదునుగా ఉండడం మరింత ముఖ్యం. ఎత్తులో అర మిల్లీమీటరు తేడా ఉంటే గీత వెడల్పులో మిల్లీమీటరు తేడా వచ్చి, ఒక కొసన అక్షరాలు బక్కగా, ఇంకో కొసన బొద్దుగా కనిపిస్తాయి. ఇక్కడే అడుగు పలక సంగతి వస్తుంది. నేను 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పరిచాను. యంత్రం చేతనే పెద్ద వెడల్పు బిట్టుతో దాని మీద చిత్రిక పట్టిస్తే, బిట్టుకూ పలకకూ మధ్య దూరం అంతటా సమానమవుతుంది. ఆ చిత్రికలో పక్కపక్క దారుల మధ్య వేలికి మెట్లు తగిలితే స్పిండిల్ నిటారుగా లేదని అర్థం. బిగింపు కింద పల్చటి రేకు ముక్కలు పెట్టి సరిచేయాలి. వానాకాలంలో కృష్ణ ఒడ్డు తేమకు ఎండీఎఫ్ ఉబ్బుతుంది, అంచుల దగ్గర మరీను. జూలైలో ఒకసారి, చలికాలం వచ్చాక ఒకసారి పల్చగా చిత్రిక పట్టిస్తున్నాను. చిత్రిక తర్వాత పలక పై తలానికి పల్చగా సీలరు పూస్తే ఉబ్బు తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ మాటల్లో: గీతల పనికి ఇంక్‌స్కేప్, చెక్కడానికి వీకార్వ్, యంత్రాన్ని నడపడానికి యూనివర్సల్ జీకోడ్ సెండర్ నాకు సరిపోయాయి. ఫ్యూజన్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఉచిత లైసెన్సుతో వాడేవారు 2020 తర్వాత అందులో ఖాళీ కదలికలు కూడా కోత వేగంతోనే సాగుతాయని గుర్తుంచుకోవాలి, జాలీ పనుల్లో అది చాలా సమయం తింటుంది.

దుమ్ము విషయంలో రాజీ పడకూడదు. కర్ర దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఎండీఎఫ్ దుమ్ములో దానికి తోడు ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. స్పిండిల్ చుట్టూ బ్రష్షు తొడుగు, దానికో గొట్టం, నడుమ బకెట్టు మీద సైక్లోను (గాలిని సుడి తిప్పి పొట్టును వేరుచేసేది), చివర వాక్యూమ్ క్లీనరు పెట్టాను. పొట్టు దాదాపు అంతా బకెట్టులోనే పడి, ఫిల్టరు చాలాకాలం శుభ్రంగా ఉంటోంది. పొడి వాతావరణంలో ప్లాస్టిక్ గొట్టంలో స్థిర విద్యుత్తు పోగవుతుంది, గొట్టం వెంట రాగి తీగ చుట్టి ఎర్త్ చేయాలి. ఇంత ఉన్నా ఎన్95 మాస్కు తప్పదు. మొద్దు బిట్టు రాపిడికి పుట్టిన నిప్పురవ్వ బకెట్టులోకి పోయే ప్రమాదం ఉంది గనుక పని అయ్యాక బకెట్టు తెరిచి చూడకుండా షెడ్డుకు తాళం వేయను.

ఎవరు కొనాలి అంటే, కర్ర పని ఉండి, బిగించుకోవడంలో, సరిచూసుకోవడంలో విసుగు లేనివారు. కేవలం నేర్చుకోవాలనుకునేవారికి 300 బై 180 మిల్లీమీటర్ల మేర కోసే 3018 తరహా చిన్న కిట్ చాలు, అది బల్ల మీద ఒదుగుతుంది, జీఆర్‌బీఎల్ అక్కడా ఇదే. రోజంతా ఆర్డర్లు తీసుకుని జాలీలు కోసి బతకాలనుకునేవారికి ఈ కిట్ సరిపోదు; వారు ఎనిమిది నాలుగడుగుల షీటు పట్టే ఫ్యాక్టరీ యంత్రానికే డబ్బు కూడబెట్టుకోవాలి. నడుమ ఉన్నవారికి, వారానికి కొన్ని పనులు చేసుకునేవారికి ఇది ఖరీదుకు తగిన యంత్రం, నేను మళ్లీ కొనవలసి వస్తే ఇదే తరహా కొంటాను, చట్రం మాత్రం కొంచెం పొట్టిది ఎంచుకుంటాను. మీటరు పొడవు కావలసిన పని నాకు అరుదు. 750 చట్రం అయితే స్క్రూ ఊపూ గాంట్రీ వంపూ రెండూ తగ్గుతాయి.

కిట్‌తో పాటే ఆర్డరు చేయవలసినవి: జడ్ దిశకు చుట్టుకు 2 మిల్లీమీటర్ల స్క్రూ, దాని నట్టు, ఒక జత డెల్రిన్ చక్రాలు, పది 625 బేరింగులు, రెండు ఆంటీ బ్యాక్‌లాష్ నట్లు (స్క్రూ మీద వదులు లేకుండా పట్టేవి), రెండు మోటారు కప్లింగులు (మోటారును స్క్రూతో కలిపేవి), మూడు హోమింగ్ స్విచ్చులు, షీల్డు కేబులు, విద్యుత్ అలజడిని అణచే ఫెరైట్ ముడి ఉన్న పొట్టి యూఎస్‌బీ తీగ. ఇవి తర్వాత విడివిడిగా తెప్పిస్తే ఒక్కోదానికీ కొరియర్ ఖర్చు సరుకు ధరను మించుతుంది, పైగా అరిగిన నట్టు ఎవరిదో పని చేతిలో ఉన్నప్పుడే లూజవుతుంది.